సెకండ్ లైఫ్ గ్రూపుని డిస్కార్డ్‌, వాట్సాప్‌లతోనూ, నేరుగా కలిసే సభతోనూ ఎలా ముడిపెట్టాలి?

సెకండ్ లైఫ్ అంటే అవతార్ అనే బొమ్మ మనిషిగా తిరిగే ఆన్‌లైన్ త్రీడీ లోకం. అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "సెకండ్ లైఫ్‌లో మా తెలుగువాళ్ల గ్రూపులో 35 మందిమి ఉన్నాం. హోమ్‌స్టెడ్ అనే చిన్న తరహా స్థలం ఒకటి అక్కడ అద్దెకు తీసుకుని మండువా లోగిలి కట్టుకున్నాం. ఆదివారాలు అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. ఫేస్‌బుక్ పెట్టమని కొందరు, వాట్సాప్ చాలని కొందరు, డిస్కార్డ్ కావాలని కొందరు అంటున్నారు. సంక్రాంతికి హైదరాబాద్‌లో నేరుగా కలవాలనీ, రాలేనివాళ్లు లోగిలి నుంచే పాల్గొనాలనీ ఆలోచన. ఇవన్నీ ఒకదానికొకటి ఎలా కలపాలి?"

అన్నీ కలపకండి. కబురు మాత్రం అన్ని చోట్లకీ దానంతట అదే వెళ్లేలా చూడండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరుగుతోంది అన్న మూడు ముక్కలే ఆ కబురు. సభ్యుల జాబితా, పేర్లు, నంబర్లు మాత్రం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మీరు మోసుకెళ్లకండి. ఎవరు ఏ గడప దాటాలో వాళ్లే దాటుతారు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

దీనికి పాత చరిత్ర ఉంది. లిండెన్ ల్యాబ్ 2003లో సెకండ్ లైఫ్ తెరిచిన కొన్నేళ్లకే అవతార్లకీ ఫేస్‌బుక్ లాంటిది ఉంటే బాగుంటుందన్న ఆలోచన మొదలైంది. అవతార్స్ యునైటెడ్ అనే సైటును 2010 మొదట్లో ఆ కంపెనీయే కొని, అదే ఏడాది మూసేసింది. ఫేస్‌బుక్‌లో అవతార్ పేరుతో ప్రొఫైల్ తెరిచినవాళ్ల ఖాతాలు అసలు పేరు నిబంధన కింద పోయాయి. 2011లో గూగుల్ ప్లస్ కూడా అదే పట్టు పట్టి, 2014లో వదిలేసింది. అప్పటికి జనం మిగల్లేదు. ఫేస్‌బుక్, గూగుల్ ప్లస్ రెండు చోట్లా చిక్కు ఒక్కటే: అవతార్‌తో ఉండేవాడు తన పేరును తానే ఎంచుకున్నాడు, బయటి నెట్‌వర్క్ ఆ పేరును ఒప్పుకోదు, లేదా అసలు పేరుతో జతచేసి నలుగురికీ చూపిస్తుంది.

మీ 35 మందిలో ఒక్కొక్కరికీ కనీసం మూడు పేర్లుంటాయి: అవతార్ పేరు, డిస్కార్డ్ పేరు, ఇంట్లో పిలిచే పేరు. ఇవి విడివిడిగా ఉంటే ఎవరికీ నష్టం లేదు. రెండు పేర్లు జతపడి, ఆ జత ఎవరికి తెలిసిందన్న చోటే గొడవలొస్తాయి. మన ఊళ్లలో ఈ జత కట్టడం మరీ తేలిక. వాట్సాప్ గ్రూపులో చేర్చగానే ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది. ఆ నంబరును ట్రూకాలర్‌లో వేస్తే ఇంటిపేరుతో సహా వచ్చేస్తుంది. లోగిలిలో రెండేళ్లుగా "వెన్నెల"గా కూర్చున్న మనిషి ఫలానా ఆఫీసులో పనిచేసే ఫలానా ఆయనని తేలడానికి అర నిమిషం చాలు. ఆయన చెప్పదలుచుకుంటే ఆయనే చెబుతాడు. ఆ పని మీ గ్రూపు సెట్టింగ్ చేయకూడదు.

ముందు సెకండ్ లైఫ్‌ లోపలి గ్రూపును సరిచేసుకోండి, అది వంకరగా ఉంటే పైన ఏం కట్టినా నిలవదు. గ్రూపు పెట్టడానికి అక్కడి డబ్బులో 100 లిండెన్ డాలర్లవుతాయి. 48 గంటల్లో రెండో మనిషి చేరకపోతే అది రద్దవుతుంది. మీది ఎలాగూ నడుస్తున్న గ్రూపే కాబట్టి రెండు విషయాలు చూడండి. ఓనర్ రోల్‌లో ఇద్దరుండాలి, ముగ్గురు వద్దు. ఒక ఓనర్‌ను ఇంకో ఓనర్ తీసేయలేడు. అభిమానంతో నలుగురికి ఓనర్ ఇచ్చాక అందులో ఒకరితో చెడితే దారి ఉండదు. ఒక్కడే ఓనర్ అయితే అతను లాగిన్ మానేసిన రోజున గ్రూపు అనాథ. మిగతా పనిచేసేవాళ్లకి ఆఫీసర్ రోల్ చాలు: నోటీసులు పంపడం, కొత్తవాళ్లని చేర్చడం, గోల చేసేవాళ్లని ఇంటికి పంపడం. ఇక రెండోది, "ఎవరైనా చేరవచ్చు" అన్న టిక్ తీసేయండి. చేరేవాడు ముందొకసారి లోగిలికి వచ్చి, ఎవరితోనైనా మాట్లాడి చేరితే సగం బెడద తగ్గుతుంది.

గ్రూపు నోటీసుతో ఒక వస్తువు జతచేయవచ్చు. లోగిలి ల్యాండ్‌మార్క్‌నే, అంటే నొక్కితే అక్కడికి చేర్చే గుర్తునే, జతచేయండి. దానికి కాపీ, ట్రాన్స్‌ఫర్ రెండు అనుమతులూ ఉండాలి, లేకపోతే జతపడదు. పాత నోటీసులు రెండు వారాలే ఉంటాయి కాబట్టి నెల ముందు ఒకసారి పంపి ఊరుకుంటే లాభం లేదు. వారం ముందు ఒకటి, గంట ముందు ఒకటి పంపండి. సాధారణ ఖాతాకి 42 గ్రూపులే పరిమితి, పాత సభ్యులు చోటు కోసం ఏదో ఒక గ్రూపు వదిలేస్తుంటారు. రోజుకో నోటీసు పంపే గ్రూపే ముందు పోతుంది.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో లెక్క ఉంది. చాట్‌లో ఒక సందేశానికి 1023 బైట్లే హద్దు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తూ, అంటే అక్షరం, గుణింతం, పొల్లు, సున్నా దేనికదే, మూడు బైట్లు. "క్ష్మి" అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, 18 బైట్లు. కాబట్టి ఒక సందేశంలో 341 తెలుగు గుర్తులకు మించి పట్టవు, తర్వాతది తెగిపోతుంది. పైగా వ్యూయర్‌లో, అంటే సెకండ్ లైఫ్ చూసే సాఫ్ట్‌వేర్‌లో, ఒత్తులు విడిపోయి పక్కపక్కన కనిపించడం మామూలే. అందుకే ముఖ్యమైన ప్రకటనను బొమ్మగా చేసి లోగిలి గుమ్మం దగ్గర బోర్డుకు అతికించండి: 1024 బై 512 పిక్సెల్స్, అక్షరాలు పెద్దవి, వెనకరంగు లేతది. ఎక్కించడానికి 10 లిండెన్ డాలర్లు. చాట్‌లో ఇంగ్లిష్ అక్షరాల తెలుగే రాసుకోండి, అక్కడ దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

ఇక బయట. ఫేస్‌బుక్, వాట్సాప్, డిస్కార్డ్ మూడింట్లో మాటలు కలిపే చోటుగా డిస్కార్డ్ ఒక్కటే పెట్టండి. ఫోన్ నంబరు ఎవరికీ కనిపించదు, సర్వర్‌కో పేరు పెట్టుకోవచ్చు, రోల్స్ ఇచ్చి గదులు వేరుచేయవచ్చు. గదులు నాలుగు చాలు: ప్రకటనలు, కబుర్లు, ఫొటోలు, హైదరాబాద్ సభ. 35 మందికి ఇరవై గదులు పెడితే ప్రతిదీ ఖాళీగా కనిపించి జనం రావడం మానేస్తారు. హైదరాబాద్ గది అడిగినవాళ్లకే తెరవండి. అసలు ఊరు, అసలు పేరు బయటపడే మాటలన్నీ అక్కడే ఉంటాయి.

డిస్కార్డ్‌లో చేరిన మనిషి నిజంగా మన గ్రూపు అవతారేనా అన్నది తేల్చుకోవాలి కదా. బాట్లు అక్కర్లేదు. ఆఫీసర్ లోపలే ఆ అవతార్‌కి ఆరంకెల సంఖ్య ఒకటి ఐఎమ్ (విడి సందేశం) చేస్తాడు. ఆ సంఖ్యను డిస్కార్డ్‌లో ఆ ఆఫీసర్‌కే సందేశంగా పంపితే రోల్ వస్తుంది. సంఖ్యను అందరూ చూసే గదిలో రాయించకండి. ఏ అవతార్ ఏ డిస్కార్డ్ పేరో పట్టిక రాసి ఎక్కడా పెట్టకండి. పట్టిక లేకపోతే అది బయటికి పొక్కే ప్రమాదమూ లేదు.

లోగిలి నుంచి డిస్కార్డ్‌కి ప్రకటన దానంతట అదే వెళ్లాలంటే వెబ్‌హుక్ వాడాలి. డిస్కార్డ్‌లో ప్రకటనల గది సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్ తయారుచేస్తే ఒక పొడవాటి చిరునామా వస్తుంది. లోగిలిలో ఒక పెట్టెలో ఎల్‌ఎస్‌ఎల్ (సెకండ్ లైఫ్ స్క్రిప్ట్ భాష) స్క్రిప్ట్ పెట్టి, ఆఫీసర్లు మాత్రమే వాడే చాట్ చానెల్‌లో టైప్ చేసిన మాటను ఆ చిరునామాకి పంపించాలి. ఇక్కడ తరచుగా తన్నేవి నాలుగున్నాయి.

కంటెంట్ టైప్ చెప్పకపోతే స్క్రిప్ట్ మామూలు టెక్స్ట్‌గా పంపుతుంది, డిస్కార్డ్ 400 (తప్పు అభ్యర్థన) అని తిప్పికొడుతుంది. application/json అని స్పష్టంగా రాయాలి (జేసన్ అంటే డేటాను అమర్చే ఒక పద్ధతి). సరిగా వెళితే జవాబు 204, అందులో ఏమీ ఉండదు. ఖాళీగా వచ్చిందని కంగారుపడి మళ్లీ మళ్లీ పంపేవాళ్లున్నారు. జేసన్‌ను చేత్తో కొటేషన్లు అతికించి తయారుచేస్తే, ప్రకటనలో ఒక కొటేషన్ గుర్తు రాగానే విరిగిపోతుంది. ఎల్‌ఎస్‌ఎల్‌లో లిస్టును జేసన్‌గా మార్చే ఫంక్షన్ ఉంది, దాన్నే వాడండి. ఇక ఒక వస్తువు 20 సెకన్లలో 25 అభ్యర్థనలే పంపగలదు, దాన్ని దాటితే సెకండ్ లైఫే ఆపేస్తుంది. ప్రకటనలకి ఈ హద్దు తగలదు. తగులుతోందంటే ఎవరో మొత్తం కబుర్లన్నిటినీ దాంట్లోంచి పంపుతున్నారని అర్థం. అది మీకు కావలసింది కాదు. జవాబు 429, అంటే మరీ ఎక్కువ పంపారని, వస్తే నిమిషం ఆగి ఒక్కసారే మళ్లీ పంపేలా రాయండి, వెంటవెంటనే కాదు.

ఆ వెబ్‌హుక్ చిరునామా తాళంచెవి లాంటిదే. అది ఎవరి చేతిలో పడినా మీ ప్రకటనల గదిలో ఇష్టమొచ్చింది రాయగలరు. స్క్రిప్ట్‌ను ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాడిఫై అనుమతి తీసేసి ఇవ్వండి, లేకపోతే తెరిచి చదివేస్తారు. అనుమానం వస్తే డిస్కార్డ్‌లో ఆ వెబ్‌హుక్ తీసేసి కొత్తది పెట్టండి, పాతది ఆ క్షణమే పనికిరాకుండా పోతుంది.

లోగిలి చాట్ మొత్తాన్ని డిస్కార్డ్‌కి చేరవేయడం సాంకేతికంగా తేలిక, చేయడం తప్పు. సెకండ్ లైఫ్ కమ్యూనిటీ ప్రమాణాల్లో ఎదుటివారి అసలు జీవితపు వివరాలు బయటపెట్టడం, చాట్ లాగులు అనుమతి లేకుండా పంచడం రెండూ నిషిద్ధం. అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్న మాట వీధి చివర మైకులో వినిపిస్తే రెండో వారం అరుగు మీద ఎవరూ కూర్చోరు. ఒక సభలో మాటలు రాతలో కావాలంటే గుమ్మం దగ్గర బోర్డు పెట్టి, సభ మొదట్లో చెప్పి, ఆ గంట వరకే రాసుకోండి.

వాట్సాప్ లేకపోతే మనవాళ్లు కబురును కబురుగా లెక్కచేయరు, నిజమే. అయితే గ్రూపు పెట్టకండి, చానెల్ పెట్టండి. చానెల్‌ను అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. అక్కడ చర్చ ఉండదు, ప్రకటన మాత్రమే. ఆ వాట్సాప్ మోజు తీరడానికి అది చాలు. టెలిగ్రామ్ ఉన్నవాళ్లు ప్రైవసీ సెట్టింగ్స్‌లో నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టుకుని, నంబరుతో తమను వెతికే వీలు కూడా పరిచయస్తులకే ఉంచుకోవాలి. ఈ రెండోది చాలామంది మరచిపోతారు.

ఫేస్‌బుక్‌లో అవతార్ పేరుతో ప్రొఫైల్ వద్దు, పేజీ పెట్టండి. పేజీ ఎవరు నడుపుతున్నారో చూసేవాళ్లకి తెలియదు. కానీ సభ్యులను లైక్ కొట్టమని అడగకండి, ఈవెంట్ పెట్టి "వస్తున్నాను" నొక్కమని అసలే అడగకండి. అసలు పేరుతో నొక్కిన ఆ జాబితా ఊరందరికీ కనిపిస్తుంది. కొత్తవాళ్లు వెతికితే దొరకడానికి పేజీ ఉండాలి, అంతవరకే. దాంట్లో లోగిలి ఫొటోలు, వచ్చే సభ సమయం, లోగిలి మ్యాప్ లింకు పెడితే సరి. ఆ లింకులో రీజియన్ (ఆ లోకంలోని ఒక చదరపు నేల) పేరు, ఆ తర్వాత మూడు సంఖ్యలు ఉంటాయి: మొదటి రెండూ 0 నుంచి 255 లోపు నేల మీది చోటు, మూడోది ఎత్తు. ఎత్తు తప్పు రాస్తే అతిథి పెంకుల మీద దిగుతాడు. పార్సెల్‌లో (రీజియన్‌లో మీ వాటా నేలలో) ల్యాండింగ్ పాయింట్ వీధరుగు దగ్గర పెట్టేస్తే ఈ బాధ ఉండదు.

సమయం దగ్గర అందరూ పడతారు. సెకండ్ లైఫ్ గడియారం పసిఫిక్ సమయం. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకీ దానికీ తేడా పన్నెండున్నర గంటలు, మిగతా కాలం పదమూడున్నర. లోపల ఉదయం 8 అంటే వేసవిలో మనకు రాత్రి 8:30, చలికాలంలో 9:30. గడియారం మారిన వారం సగంమంది గంట తేడాలో వస్తారు. ఇంకో చిక్కు వారం పేరు. మన ఆదివారం ఉదయం అమెరికాలో శనివారం రాత్రి. "ఆదివారం 9:30" అని మాత్రమే రాస్తే డాలస్ నుంచి ఎవరూ రారు, లేదా సభ అయిపోయాక వస్తారు. డిస్కార్డ్‌లో టైమ్‌స్టాంప్ ట్యాగ్ వాడితే ఎవరి ఊరి సమయం వాళ్లకే కనిపిస్తుంది. మిగతా చోట్ల ప్రకటన ఇలా ఉండాలి:

"లోగిలి సభ. భారత్: ఆదివారం ఉదయం 9:30. లోపలి గడియారం: శనివారం రాత్రి 8:00. డాలస్: శనివారం రాత్రి 10:00. న్యూజెర్సీ: శనివారం రాత్రి 11:00. గంటసేపు. చోటు: లోగిలి వీధరుగు."

ఇది చలికాలపు లెక్క. మంగళ, బుధవారాల్లో రీజియన్లను వరసగా రీస్టార్ట్ చేస్తుంటారు కాబట్టి ఆ రోజుల్లో సభ పెట్టకండి.

మనుషులు పట్టడం గురించి. హోమ్‌స్టెడ్‌లో ఒకేసారి 20 అవతార్లే ఉండగలవు. మీరు 35 మంది. ఇరవై ఒకటో మనిషికి రీజియన్ నిండిందన్న మాట కనిపిస్తుంది, అతను కాసేపు ప్రయత్నించి వెళ్లిపోతాడు, తనను పిలిచి గుమ్మంలో నిలబెట్టారనుకుంటాడు. పండగ సభకి పూర్తి రీజియన్‌లో ఒక పార్సెల్‌ను వారానికి అద్దెకు తీసుకోండి. లిండెన్ ల్యాబే నడిపే మెయిన్‌ల్యాండ్ అయితే 40 మంది పడతారు, ప్రైవేటు పూర్తి రీజియన్‌లో యజమాని పెడితే 100 దాకా. నాలుగు రీజియన్లు కలిసే మూలలో వేదిక కట్టడం పాత ఉపాయం: ఒక్కో రీజియన్ లెక్క దానిదే, చాట్ మాత్రం సరిహద్దు దాటి వినిపిస్తుంది. మామూలు చాట్ 20 మీటర్ల వరకే చేరుతుంది కాబట్టి కూర్చునే చోట్లన్నీ ఆ మూలకి దగ్గరగా ఉండాలి. లోగిలి మొత్తం తరలించక్కర్లేదు, వేదిక, అరుగు, తోరణం చాలు.

ల్యాగ్‌కి, అంటే దృశ్యం తడబడడానికి, ఎక్కువగా కారణం అవతార్లు మోసుకొచ్చే నగలు, జుట్టు. పట్టుచీర, వడ్డాణం, జడగంటలు అన్నీ మెష్ (త్రీడీ నమూనాలు), అన్నీ బరువే. ఆ బరువుకి వ్యూయర్ చూపించే లెక్క కాంప్లెక్సిటీ, ప్రకటనలోనే "కాంప్లెక్సిటీ 80,000 లోపు ఉండేలా రండి" అని రాయండి. చూసేవాళ్లు తమ వ్యూయర్‌లో పూర్తిగా గీసే అవతార్ల సంఖ్య 12 దగ్గర పెట్టుకుంటే పాత ల్యాప్‌టాప్ కూడా బతుకుతుంది.

ఇక హైదరాబాద్. సంక్రాంతి రోజుల్లో పెట్టకండి. ఆ వారం హైదరాబాద్ ఖాళీ, మీ సభ్యులు బస్సులో ఉంటారు, లేదా పల్లెలో సిగ్నల్ వెతుకుతుంటారు. జనవరి చివరి ఆదివారం పెట్టండి, అరిసెలు ఇంకా డబ్బాలోనే ఉంటాయి. 35 మందిలో మూడో వంతు వస్తే ఎక్కువే అనుకుని 12 మందికి చోటు చూడండి. ఎవరి ఇల్లూ వద్దు. పగటిపూట, నలుగురూ తిరిగే చోటు, మెట్రో దిగి నడిచి రాగలిగేది అయితే మేలు. అమీర్‌పేటలో రెండు లైన్లు కలుస్తాయి కాబట్టి ఆ చుట్టుపక్కల వెతకడం తేలిక. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి బహిరంగ సాంస్కృతిక స్థలాలు కూడా ఇలాంటి చిన్న కూటమికి నప్పుతాయి, ముందుగా మాట్లాడుకోవాలి.

సెకండ్ లైఫ్ వాళ్ల పెద్ద సభ 2005లో న్యూయార్క్‌లో మొదలై, శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో, టాంపా, బోస్టన్ తిరిగి, 2011లో ఓక్లాండ్‌తో ఆగిపోయింది. ఏడాదికి ఒకటే పెద్ద సభ, అది నడిపేవాళ్లు తప్పుకుంటే అంతా పోతుంది. మీది చిన్నదిగానే ఉండనివ్వండి. డాలస్ వాళ్లు అయిదుగురు వాళ్ల ఊళ్లో విడిగా కూర్చున్నా అదీ సభే.

గుమ్మం దగ్గర స్టిక్కర్ మీద అవతార్ పేరే రాయాలి, అసలు పేరు చెప్పడం వాళ్లిష్టం. స్టిక్కర్లు రెండు రంగుల్లో ఉంచండి: పచ్చది పెట్టుకుంటే ఫొటోలో పడ్డా ఫరవాలేదు, ఎర్రది అయితే వద్దు. ఫొటో తీసే ముందు అడుగుతాంలే అనుకుంటే కుదరదు, గుంపు ఫొటోలో ఎవరూ అడగరు. ఎర్ర స్టిక్కర్ వాళ్లని ముందే పక్కకి పిలిచి ఫొటో వాళ్లతోనే తీయించండి, వాళ్లకీ పని దొరుకుతుంది. లోపల ఆడ అవతార్‌తో ఉండేవారు బయట మగవారు కావచ్చు, అటుదిటూ కావచ్చు. దీని మీద ఎవరూ వెటకారం చేయకూడదని ఆహ్వానంలోనే ఒక్క వాక్యం రాయండి. రాకపోతే ఎందుకు రాలేదని అడగకూడదన్నది ఇంకో వాక్యం.

డబ్బు దగ్గర చాలా గ్రూపులు పేర్లు పోగొట్టుకుంటాయి. హాలుకి, భోజనానికి మనిషికి 500 రూపాయలు యూపీఐలో పంపమంటే, పంపినవాడి బ్యాంకు పేరు అందుకున్నవాడికి, అందుకున్నవాడి పేరు పంపినవాడికి కనిపిస్తాయి. కోశాధికారి ఒక్కరే, అందరూ నమ్మే మనిషి అయి ఉండాలి. చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను గ్రూపులో పెట్టనివ్వకండి. యూపీఐ ఇష్టం లేనివాళ్లు అక్కడే నోట్లు ఇస్తారు. లిండెన్ డాలర్లలో ఇస్తామంటే తీసుకుని రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకండి, ఆ డబ్బును పండగ పార్సెల్ అద్దెకే వాడండి.

చివరిది, హాలునీ లోగిలినీ కలపడం. మాట ముందు, బొమ్మ తర్వాత. అందరూ దీన్ని తిరగేసి చేసి ఇబ్బంది పడతారు. హాల్లో ఒక ల్యాప్‌టాప్‌లో కెమెరా కోసమే పెట్టుకున్న అవతార్‌ను లాగిన్ చేసి, లోగిలిలో జనం కూర్చున్న చోటికి 20 మీటర్ల లోపు నిలబెట్టి, ప్రొజెక్టర్‌కి కలపండి. వ్యూయర్‌లో మెనూలన్నీ దాచేయండి, పరిసరాలు మధ్యాహ్నపు వెలుగుకి మార్చండి. లోగిలిలో వెన్నెల ఎంత అందంగా ఉన్నా ప్రొజెక్టర్ మీద అది నల్లటి గోడ. డ్రా డిస్టెన్స్, అంటే ఎంత దూరం వరకు గీయాలన్నది, 64 మీటర్లు చాలు. సభకి అరగంట ముందే ఆ హాల్లోంచే లాగిన్ చేసి ఒకసారి చుట్టూ తిరిగి చూస్తే టెక్స్చర్లన్నీ (వస్తువుల మీది బొమ్మలు) దిగి కూర్చుంటాయి.

మాటకి ఒక్కటే మైకు, ఒక్కటే స్పీకరు, రెండూ కలిసి ఉన్న కాన్ఫరెన్స్ స్పీకర్ అయితే ప్రతిధ్వనిని అదే తీసేస్తుంది. హాల్లో మిగతావాళ్ల ఫోన్లలో లోగిలి వాయిస్ గానీ, డిస్కార్డ్ వాయిస్ గానీ తెరిచి ఉండకూడదు. ఒక్క ఫోన్ తెరిచి ఉన్నా కీచుమంటుంది, ఎవరిదో కనుక్కోవడానికి పది నిమిషాలు పోతాయి.

హాలు దృశ్యం కూడా లోగిలికి చూపించాలంటే రెండో ల్యాప్‌టాప్ నుంచి ఓబీఎస్ అనే ప్రసార సాఫ్ట్‌వేర్‌తో యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లకే కనిపించే) లైవ్ పెట్టి, ఆ లింకును లోగిలిలో తెర మీద మీడియాగా పెట్టాలి. కొత్త చానెల్‌కి లైవ్ అనుమతి రావడానికి 24 గంటలు పట్టవచ్చు, పొద్దున మొదలుపెడితే ఆ రోజుకి అందదు. దృశ్యం కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనక ఉంటుంది. హాల్లో జోకు అయిపోయాక లోగిలిలో నవ్వు వస్తుంది. అందుకే మాట్లాడుకోవడం వాయిస్‌లోనే జరగాలి, యూట్యూబ్ ధ్వని తెర దగ్గర ఆపేయండి. తెర మీద వీడియో ఒక్కొక్కరి వ్యూయర్‌లో విడివిడిగా తెరుచుకుంటుంది, అందరికీ ఒకే క్షణం కనిపించదు, కొందరు ప్లే నొక్కాల్సి వస్తుంది. సినిమా పాట వేశారంటే యూట్యూబ్ హక్కుల తనిఖీ అయిన కంటెంట్ ఐడీ పట్టుకుని ధ్వని ఆపడమో, లైవే ఆపడమో చేస్తుంది. పాడేవాళ్లుంటే పాడించండి, భజన అయినా సరే.

720పీకి నాలుగు మెగాబిట్ల దాకా అప్‌లోడ్ కావాలి, నెట్ దానికి రెట్టింపు ఇస్తేనే నమ్మండి. హాలు వైఫైని నమ్ముకోకుండా వేర్వేరు కంపెనీల రెండు ఫోన్ హాట్‌స్పాట్లు ఉంచుకుని, ముందటి ఆదివారం అదే గంటకి అక్కడే కొలిచి చూడండి. నెట్ తక్కువైతే ముందు వీడియో ఆపండి, వాయిస్ వదలకండి.

హాల్లో ఒక మనిషికి దుబాషీ పని ఇవ్వండి. లోగిలి చాట్‌లో వచ్చింది గట్టిగా చదవడం, హాల్లో మెల్లగా అన్నది లోపల టైప్ చేయడం, "న్యూజెర్సీ నుంచి ఒకరు చెయ్యెత్తారు" అని ఆపి చెప్పడం. ఆ గంట అతనికి ఇంకే పనీ పెట్టకండి, కాఫీ కూడా ఇంకొకరే తెచ్చివ్వాలి. అలాంటి మనిషి లేని సభలో లోగిలిలో ఉన్నవాళ్లు పది నిమిషాలకి ప్రేక్షకులైపోతారు, పావుగంటకి లాగవుటవుతారు. ఉమ్మడి భాగం 9:30 నుంచి 10:30 వరకే ఉంచండి. అప్పటికి న్యూజెర్సీలో అర్ధరాత్రవుతుంది. తర్వాత ప్రొజెక్టర్ ఆపేసి భోజనాలకి వెళ్లండి.

ఈ వారమే చేయదగ్గవి రెండు: రెండో ఓనర్‌ను పెట్టడం, ఇప్పటికే వాట్సాప్ గ్రూపు ఏదైనా ఉంటే దాన్ని మూసి చానెల్ పెట్టడం. గ్రూపును మూసే ముందు అందులో ఉన్నవాళ్లకి విడివిడిగా చెప్పండి. గ్రూపులో "ఈ గ్రూపు మూసేస్తున్నాం" అని పెడితే కారణం ఏమిటని 200 సందేశాలు వస్తాయి, అన్నీ నంబర్లతో సహా.